నాలుగో జ్వరం లేచిన పొద్దున

నేను ఉద్యోగంలో ఉండగా కోసిన పట్టుపురుగులు ఎన్నో ఆ దేవుడికే తెలియాలి. యమలోకంలో నన్ను పట్టుకోవడానికి భటులెవరూ అక్కర్లేదు, పురుగులే వరస కట్టి కాచుకుని ఉంటాయని మా ఇంట్లో ఎగతాళి చేస్తారు. ఉంటే ఉండనీ. జీతం తీసుకుని చేసిన పని, ఇందులో దాచుకోవడానికేముంది?

రిటైరయ్యాక, ఈ రంగంలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేస్తున్నారు. "సార్, మీ సర్వీసులో ముఖ్యమైన ఫలితం ఏది?" అని అడుగుతారు. వాళ్ళకు కావలసింది ఒక గ్రాఫు. నాకు మాత్రం గ్రాఫులేవీ గుర్తు రావు. త్రిపురాంతకం పక్కన ఒక రేకుల షెడ్డు గుర్తొస్తుంది, అందులో ఒక ఎండాకాలం పొద్దున గుర్తొస్తుంది. అదే చెబుతాను. విసుగు పుడితే మధ్యలో మానేయండి, నేనేమీ అనుకోను.

ముందు కొంచెం పాఠం తప్పదు. పట్టుపురుగు పెద్దదయ్యే లోపల నాలుగుసార్లు చర్మం విడుస్తుంది. విడిచే ముందు తిండి మానేసి, తల పైకెత్తి, దేవుడికి మొక్కుకుంటున్నట్టు కదలకుండా ఉంటుంది. దాన్ని మన రైతులు జ్వరం అంటారు. మొదటి జ్వరం, రెండో జ్వరం, అలా నాలుగు. నాలుగో జ్వరం లేచాక వచ్చేది ఆఖరి దశ. ఆ దశలో ఓ వారం రోజులు ఆకును నమిలి నమిలి, ఆ తర్వాత గూడు కడుతుంది. మనం కట్టే పట్టుచీర దాని చివరి వారం తిండి.

ఆ పట్టు తయారయ్యేది పురుగు ఒంట్లో రెండు పక్కలా మెలికలు తిరిగి ఉండే రెండు గొట్టాల్లో. వాటినే పట్టుగ్రంథులు అంటాం. ఈ గ్రంథుల్లో ఒక వింత ఉంది. పురుగు గుడ్డులో ఉండగానే వాటి కణాల సంఖ్య ఖాయమైపోతుంది. ఆ తర్వాత పురుగు ఎంత పెరిగినా ఒక్క కణం కూడా కొత్తగా రాదు. ఉన్న కణాలే ఉబ్బుతాయి. ప్రతి కణమూ తన డీఎన్ఏను రెండింతలు చేసుకుంటుంది, దాన్ని మళ్ళీ రెండింతలు చేసుకుంటుంది, అయినా రెండుగా చీలదు. అన్ని ప్రతులనూ తన కడుపులోనే పెట్టుకుని కూర్చుంటుంది. ఆ ప్రతులు రాసే పనివాడు ఒక ఎంజైమ్. జ్వరంలో అది చేతులు ముడుచుకుంటుంది, పురుగు లేచి ఆకు కొరికితే మళ్ళీ పనిలోకి దిగుతుంది. ఆఖరి దశలో మొదటి సగం రోజులు ఈ రాత పని ముమ్మరంగా సాగుతుంది. రెండో సగంలో ఆ ప్రతుల్ని చూసుకుంటూ పట్టు తయారవుతుంది.

ఆ ఎంజైమ్ ఏ రోజు ఎంత చురుగ్గా ఉందో కొలవడమే నా పని. పెళ్ళికి ముందు మొదలుపెట్టాను, తల నెరిసేదాకా అదే చేశాను. ల్యాబులో పురుగును చల్లటి ఉప్పునీళ్ళలో పెట్టి, కత్తెరతో వీపు చీల్చి, గ్రంథిని తెగకుండా లాగి, మంచు మీద నూరి, కొలిచేవాళ్ళం. కొన్ని పురుగుల్ని కావాలనే పస్తు పెట్టేవాళ్ళం. ఆఖరి దశ మొదట్లో ఆకు ఆపేస్తే ఎంజైమ్ పడిపోయేది, పెడితే లేచేది. దీని మీద మా పెద్దసారు దేశాలు తిరిగి మాట్లాడి వచ్చాడు.

ఒకసారి నేను ఊరుకోలేక అడిగాను. "సార్, పస్తు పెట్టిన పురుగులు కొన్నింటిని కోయకుండా వదిలేద్దామా? గూడు ఎట్లా కడతాయో చూద్దాం."

ఆయన కళ్ళద్దాలు తీసి నా వైపు చూశాడు. "గూడు కట్టించడం రైతు పనయ్యా. మనది గ్రంథి వరకే" అన్నాడు.

నేనూ అట్లనే గ్రంథి దగ్గర ఆగిపోయాను. నవ్వకండి. పొద్దున లేచింది మొదలు పట్టుపురుగులతోనే బతికిన మనిషిని, నా చేతిలోకి వచ్చిన పురుగు ఒక్కటి కూడా గూడు కట్టేదాకా బతకలేదు.

చివరికి ఆ ప్రాజెక్టు మూతపడింది. మిగిలిన వాళ్ళను తలా ఒక దిక్కుకు విసిరేశారు. నన్ను మార్కాపురం పంపారు. మాది గిద్దలూరు పక్కే కాబట్టి సొంతూరికి వచ్చినట్టే అని అందరూ అభినందించారు. పట్టు పరిశ్రమ ఆఫీసు ఒక అద్దె ఇంటి మేడ మీద రెండు గదులు. ఉన్నది నేనూ, ఒక అటెండరూ. ఆయన మార్కాపురం పట్నం మనిషి, నాకంటే పెద్దవాడు. వాళ్ళ నాయన పలకల కార్ఖానాలో చేశాడట. తెలుగు, ఉర్దూ రెండూ ఒకే ముద్దలో కలిపి మాట్లాడేవాడు. చుట్టుపక్కల పురుగులు పెంచే ఇళ్ళన్నీ ఆయనకు మేనత్తల ఇళ్ళలాగే తెలుసు. నేను ఆయన మోటారు సైకిల్ వెనక కూర్చుని, ఒళ్ళో కత్తెరల పెట్టె పెట్టుకునేవాణ్ణి.

"పెండ్లికి పోతా పిల్లిని సంకన బెట్టుకున్నట్టు ఆ డబ్బా ఎందుకు సారూ?" అనేవాడు.

"అలవాటు" అనేవాణ్ణి.

ఇప్పుడు ఆ షెడ్డు సంగతికి వస్తాను. త్రిపురాంతకం పక్క పల్లెలో ఒక కుటుంబం. భార్య, భర్త, భర్త తల్లి. కందీ, మిరపా వేసి చేతులు కాల్చుకుని, ఆ తర్వాత మల్బరీ పెట్టి పురుగుల షెడ్డు వేశారు. పురుగుల పని అంతా ఆ ఇంటి కోడలిదే, ఆమెను నేను అమ్మా అనేవాణ్ణి. ఆ ఏడు ఎండలు మండిపోయాయి. పురుగులు మూడో జ్వరం దాటి బాగా తింటున్న సమయంలో వాళ్ళ బోరు సన్నబడింది. ఆమె అటెండరుకు ఫోన్ చేసింది, మేమిద్దరం బయలుదేరి పోయాం.

వెళ్ళేసరికి పురుగులు నాలుగో జ్వరంలో కూర్చుని ఉన్నాయి. తోట చూస్తే విషయం అర్థమైపోయింది. ఆఖరి దశలో ఆ పురుగులన్నీ తినే ఆకులో సగం కూడా అక్కడ లేదు.

"బోరు గురక పెడతాంది గానీ నీళ్ళు ఎత్తట్లేదు సారూ" అన్నాడు ఆమె భర్త. "ఇదే ఆఖరు. ఇది పోతే హైదరాబాదు పోతాం. మేస్త్రి ఫోన్ మీద ఫోన్ చేస్తన్నాడు. నాకు అపార్టుమెంటు కాడ వాచ్‌మన్ పని, ఈమెకు నాలుగిండ్లల్లో పని. అమ్మను గూడా తీసుకపోతాం. ఈ రేకులు ఊడదీసి అమ్ముకుంటాం."

ఆ అమ్మ ఆకులు ఏరుతూనే తల ఎత్తకుండా అంది. "పురుగుల పెంటయినా ఎత్తుతా గానీ, నేను పోయి ఒకరింట్లో అంట్లు తోమను. ఈ మాట చెప్తానే ఉండా."

"చెప్తే సరిపోతదా? ఆకు యాడుంది?" అన్నాడు అతను. అరవలేదు. అప్పటికే ఆ గొడవ చాలాసార్లు అయిపోయినట్టుంది.

ఇక ఆకు ఎట్లా సర్దాలో వాళ్ళు ముందే అనుకుని పెట్టుకున్నారు. భర్త తల్లి, ఆ పెద్దామె, వివరంగా చెప్పింది. జ్వరం లేవగానే కొంచెం కొంచెం పెట్టి నడిపిస్తారట. మిగిలిన ఆకును కొమ్మ మీదనే దాచిపెట్టి, చివరి రోజుల్లో, అంటే పట్టు ఊరే రోజుల్లో, కడుపునిండా పెడతారట.

"జ్వరం లేచినోళ్ళకు ఒకేపాలి గొంతుదాకా పెడతారా నాయనా? ముందు పథ్యం పెట్టాల. గూడు కట్టేటప్పుడు బాగా పెడితే ఆ తిండంతా పట్టులోకి పోతది" అంది.

నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే మా అమ్మయినా అదే చెప్పి ఉండేది. మా పక్క మనుషులకు దాచడం పుట్టుకతోనే వచ్చిన బుద్ధి. నీళ్ళు దాస్తారు, గడ్డి దాస్తారు, విత్తనం దాస్తారు. ముందు బిగించి బతికితే చివర్లో గట్టెక్కుతామని కరువు నేర్పిన పాఠం. పశువుల దగ్గర, మనుషుల దగ్గర ఆ పాఠం పనిచేస్తుంది కూడా. పట్టుగ్రంథి దగ్గర సరిగ్గా తలకిందులవుతుంది. మొదటి రోజుల్లో పస్తుంటే ఎంజైమ్ ఆగుతుంది, ప్రతులు తగ్గుతాయి, గ్రంథి చిన్నదిగా ఉండిపోతుంది. తర్వాత చేటలతో ఆకు పోసినా, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

"వద్దు, ఇది తిరగేసి చేయాల" అన్నాను. "లేచిన రోజు నుంచే కడుపునిండా పెట్టాల. ఆకు చాలదు కాబట్టి పురుగుల్నే సగం తగ్గించాల."

పెద్దామె ముందు తేరుకుంది.

"తగ్గించడమంటే ఏంది? గుంత తీసి పూడుస్తావా? మూడు జ్వరాలు దాటించి, సాకి సంతరించినాక చంపమంటావా? నీ నోట్లో మన్ను బడ! ఏం సదువయ్యా నీది?"

నాకూ కోపమొచ్చింది. నా చదువు జోలికి వస్తే నాకు తొందరగా వస్తుంది. "ఉండవ్వా, కంటికి చూపిస్తాను" అని పెట్టె తెరిచాను. గిన్నెలో నీళ్ళు పోశాను, కత్తెర తీశాను. తట్టలోంచి ఒక పురుగును వేళ్ళ మధ్య పట్టుకున్నాను. అప్పటిదాకా ఎవరికి ఏం నమ్మించాలన్నా నాకు తెలిసిన దారి అదొక్కటే. కోసి చూపిస్తే ఎవరూ ఎదురు మాట్లాడరు.

ఆ అమ్మ వచ్చి నా వేళ్ళలోంచి ఆ పురుగును తీసుకుంది. దురుసుగా కాదు, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు తీసుకుని తట్టలో పెట్టింది.

"నా షెడ్డులో కత్తెర పెట్టొద్దు సారూ" అంది. "ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దు. నువ్వు ఇన్నేండ్లు పురుగుల్ని చూసినావంట గదా. నీ చేతిలో పడినవాటిలో ఒక్కటన్నా గూడు కట్టిందా?"

అటెండరు పైకి చూస్తూ రేకులు లెక్కపెట్టసాగాడు.

"లేదమ్మా" అన్నాను.

"మల్ల, ఆకలిగొన్న పురుగు గూడు మంచిగా కట్టదని నీకెట్ల తెలుసు?"

అడగాల్సిన ప్రశ్నే. నేను మా పెద్దసారును అడిగి నోరు మూసుకున్న ప్రశ్న అదే. నాకు తెలిసింది గ్రంథి వరకు. అక్కడి నుంచి గూడు దాకా ఉన్న దారి నేను నడవలేదు. ఊహ మాత్రం గట్టిగా ఉంది. ఆ ఊహ మీద ఈమె ఊళ్ళో ఉండడమా, పోవడమా అన్నది పెట్టమని అడుగుతున్నాను. ఆ సంగతి నాకప్పుడే తట్టింది.

కత్తెర పెట్టెలో పెట్టేసి మూత వేశాను. కోయకుండా చెప్పడం నాకు చేతకాదు. అయినా మొదలుపెట్టాను.

"మీ ఊళ్ళో పెండ్లికి ఎట్ల వండుతారమ్మా?"

"గాడిపొయ్యిలు తవ్వి వండుతారు. ఎందుకు?"

"ఎప్పుడు తవ్వుతారు?"

"ముందు రోజే తవ్వుతారు."

"ఆ పని చేసే మనుషులకు ముందు రోజు కూడు పెట్టలేదనుకో. వాళ్ళు ఎనిమిది తవ్వాల్సిన చోట రెండు తవ్వి పడుకున్నారు. పొద్దున్నే నువ్వు బస్తాలు బస్తాలు బియ్యం దింపినావు. వంట అవుతదా?"

"ఎట్ల అవుతది? రెండు పొయ్యిల మీద ఎంతని ఉడుకుతది?"

"పురుగు కడుపులో కూడా అంతే. జ్వరం లేచినాక మొదటి రోజులు పొయ్యిలు తవ్వుకునే రోజులు. వంట చివర్లో. నువ్వు బియ్యం దాస్తన్నావు, పొయ్యిలు తవ్వేవాళ్ళ కడుపు ఎండగడతన్నావు."

ఆమె తట్ట వైపు చూసింది. పురుగులు తలలెత్తి కదలకుండా ఉన్నాయి. భర్త గోడకు ఆనుకున్నవాడల్లా ముందుకొచ్చాడు. పెద్దామె మాత్రం "పొయ్యిలూ లేవు, బొయ్యిలూ లేవు, చంపడం పాపం" అంది.

అప్పుడు అటెండరు నోరు విప్పాడు. "అరే, చంపమని ఎవరన్నారవ్వా? మేకల్ని పాలుకు ఇస్తారు గదా మీరు? గడ్డి లేనోళ్ళు గడ్డి ఉన్నోళ్ళ కాడ పెడతారు, పిల్లలేస్తే చెరి సగం. పురుగుల్ని గూడ అట్లే ఇయ్యి."

ఆ మాట నాకెందుకు తట్టలేదా అని ఇప్పటికీ అనుకుంటాను. మా ఊళ్ళోనూ మేకల్ని పాలుకు ఇచ్చేవాళ్ళు. చదువుకున్నాక అవన్నీ వేరే అరలోకి పోతాయేమో.

"ఈ ఎండల్లో ఆకు యాడుంది మామా?" అంది ఆ అమ్మ.

"దర్శి కాడ ఒకాయన ఉండాడు పాపా. కాలవ పక్కన తోట. ఆకు నిలువునా ఉంది, పురుగుల్లేవు. వాళ్ళమ్మ పోయింది, మైల గదా అని ఈపాలి పురుగులు తెచ్చుకోలే."

పెద్దామె దిగ్గున లేచింది. "మైలింటికి పంపుతారా? మైల తగిలితే పురుగు ఉబ్బి పాలుగారి చస్తది!"

"దినాలు అయిపోయినాయి అవ్వా. ఇల్లు, షెడ్డు అన్నీ కడిగి సున్నం కొట్టినారు. నేను పోయి వచ్చినా, వాళ్ళ కూడు తిని వచ్చినా. ఫికర్ జెయ్యాకు."

సున్నం అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. రోగాలు అంటకుండా షెడ్డుకు సున్నం కొట్టండి బాబూ అని మేం ఎన్ని కరపత్రాలు పంచినా ఎవరూ కొట్టరు. చావు వచ్చి కొట్టించింది. పెద్దామె వేళ్ళు మడిచి దినాలు లెక్క చూసుకుంది. లెక్క సరిపోయింది కాబోలు, కొంగు దులుపుకుని లోపలికి పోయింది. అది ఒప్పుకోవడమేనని కోడలు చెప్పింది.

జ్వరంలో ఉన్న పురుగును కదిలించకూడదు. లేచాక తీసుకుపోవాలి, అదీ ఎండ ముదరక ముందే. కాబట్టి నాలుగో జ్వరం లేచిన పొద్దున, మేం చల్లటి పూట చేరుకునేసరికి, ఇంటి ముందు ట్రాలీ ఆటో సిద్ధంగా ఉంది. తట్టల మీద తడిగుడ్డలు కప్పి ఉన్నాయి. దర్శి రైతు తనే వచ్చాడు. గుండు మీద తువ్వాలు చుట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా గేటు దగ్గరే నిలబడ్డాడు. చావు జరిగిన ఇంటివాణ్ణి, పిలవకుండా లోపలికి రావచ్చో లేదో అని ఆయన అనుమానం. పెద్దామే పోయి, "రా నాయనా, మజ్జిగ తాగు" అని పిలిచింది.

పురుగుల్ని విడదీసే పద్ధతి నేను ముందే చెప్పాను. అన్నీ ఒకేసారి లేవవు. ముందు లేచినవి బలమైనవి, ఆలస్యంగా లేచినవి కొంచెం మెత్తవి. ముందు లేచినవాటిని ఇక్కడే ఉంచుకో, వెనకపడ్డవాటిని దర్శి పంపు అన్నాను. ఈమెది కష్టకాలం, గట్టివి ఈమెకే దక్కాలి కదా.

తట్టలు ఆటోలోకి ఎక్కుతుంటే అటెండరు నా పక్కకు వచ్చి మెల్లగా అన్నాడు. "సారూ, చూస్తన్నావా? పాప మంచియన్నీ అటు పంపుతాంది."

చూశాను. నిజమే. చురుగ్గా తలలు ఆడిస్తున్న తట్టలన్నీ ఆటోలో ఉన్నాయి. ఇంకా మగతగా ఉన్నవి షెడ్డులో మిగిలాయి. నాకు ఒళ్ళు మండింది.

"ఏందమ్మా ఇది? నేను చెప్పిందేంది, నువ్వు చేసిందేంది? ఏరు దాటేదాకా నేను కావాల, దాటినాక నా మాట అక్కర్లేదా?"

ఆమె దర్శి రైతుకు వినపడకుండా నన్ను షెడ్డు వెనక్కి తీసుకుపోయింది.

"సావు జరిగిన ఇంటికి పోతన్నాయి సారూ. మెత్తయి పంపి, అవి అక్కడ సచ్చినాయనుకో, ఇంట్లోంచి సావు ఇంకా పోలేదనుకుంటాడు ఆయన. మళ్ళ జన్మలో పురుగు పట్టడు. నా కాడ సస్తే నేను తట్టుకుంటా. నాకు ఇవి కొత్తగాదు."

"సరే, ఆకన్నా బాగా పెట్టు" అని మాత్రం అన్నాను.

పెట్టింది. వెనకపడ్డ పురుగులకు లేచీ లేవగానే నోటి ముందు ఆకు ఉండేలా చూసింది. పెద్దామె మొదటి రోజు "ఇంత పెడితే అరుగుతదా" అని సణిగింది, రెండో రోజు తనే గంప నెత్తిన పెట్టుకుని తోటలోకి పోయింది. నేను వీలైనప్పుడల్లా పోయేవాణ్ణి. పోయి చేసేదేమీ లేదు. తట్టల ముందు నిలబడి, లోపల ఆ ఎంజైమ్ నడుస్తోందా, ఆగిందా అని పురుగుల వీపుల వంక చూసేవాణ్ణి. చేతులు కత్తెర కోసం వెతికేవి. కోయకుండా ఏమీ కనపడదు, కోస్తే ఆమె ఊరుకోదు. పెట్టె ఆఫీసులోనే వదిలి వెళ్ళడం అప్పుడే నేర్చుకున్నాను.

తోట రోజురోజుకూ మోడుబారుతోంది. సగం పురుగులకైనా ఆకు చివరిదాకా సరిపోతుందా అన్నది నాకే అనుమానంగా ఉండేది. ఆమె భర్త నాతో మాట్లాడడం తగ్గించేశాడు. ఒకరోజు మాత్రం, "సారూ, మేస్త్రికి ఏం చెప్పమంటావు?" అని అడిగాడు. "ఇంకో నాలుగు రోజులు ఆగమని చెప్పు" అన్నాను. ఆ జవాబు నాకే రుచించలేదు.

తోటలో ఆకు అడుగంటిన రోజునే పురుగులు తినడం మానేశాయి. ఒళ్ళు పచ్చదనం పోయి, వెలుతురు అటునుంచి ఇటు కనపడేలా తేరింది. పండాయి. వాటిని ఏరి చంద్రికల్లో వేస్తారు. చంద్రికలంటే వెదురుతో అల్లిన పెద్ద పళ్ళేలు, వాటి మీద చుట్టలు చుట్టలుగా సందులుంటాయి. ఆ సందుల్లో పురుగు గూడు కడుతుంది.

నేను ఒక చంద్రిక ముందు పీట వేసుకుని కూర్చున్నాను. ఒక పురుగు తల ఎత్తి అటు తగిలించి, ఇటు తగిలించి, పోగు లాగింది. కంటికి ఆనీ ఆనని పోగు. మళ్ళీ అటు, మళ్ళీ ఇటు. కాసేపటికి పల్చటి తెర వెనక తల ఆడుతూ కనిపించింది. నేను నూరి, కలిపి, కొలిచి, గీతలు గీసిన ఆ గ్రంథి, తన పని తాను చేసుకుంటూ పోతే ఇలా ఉంటుందన్నమాట. నాకు సిగ్గేసింది. సంతోషంగానూ ఉంది. అన్నం వేళయినా లేవలేదు.

"ఏంది సారూ, కొత్త పెండ్లికొడుకు మాదిరి అట్ల చూస్తన్నావు?" అన్నాడు అటెండరు.

"నోరు మూసుకో" అన్నాను. ఆయన మూసుకోలేదు. నవ్వుతూ పోయి ఆ మాట పెద్దామెకు కూడా చెప్పాడు.

దర్శి నుంచి ఆ సాయంత్రమే ఫోటో వచ్చింది. అక్కడివి ఒకరోజు ముందే పండాయి. చంద్రికలు తెల్లగా నిండి ఉన్నాయి. ఫోటో చివర ఆ రైతు సగం మొహం పడింది, నవ్వుతున్నాడో లేదో తెలియలేదు.

ఇక్కడ మీరు నన్ను ఒక మాట అడగొచ్చు. ముందు పస్తు పెట్టి చివర్లో పెట్టినవి కొన్నింటిని పక్కన ఉంచి పోల్చి చూశారా అని. లేదు. ఆమె కష్టంలో కొంత భాగాన్ని కావాలని చెడగొట్టి చూసే ధైర్యం నాకు లేకపోయింది. కాబట్టి దీన్ని ఫలితమని ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. మెత్తవని నేను దర్శి పంపమన్న పురుగులు కడుపునిండా తిని దిట్టమైన గూళ్ళు కట్టాయి. నేను చూసింది అంతే.

రెండు రోజుల తర్వాత ఆఫీసులో కూర్చుని ఉన్నాను. మెట్ల మీద చప్పుడైంది. ఆ అమ్మ, వెనకే ఆమె భర్త. వాళ్ళు మార్కాపురంలో రైలెక్కడానికి వచ్చారేమో, దారిలో చెప్పిపోదామని వచ్చారేమో అనుకున్నాను. సగం పంట ఎంత బాగున్నా సగమే కదా. చేతిలో సంచులేవైనా ఉన్నాయా అని చూశాను. ఆమె చేతిలో ఒక స్టీలు టిఫిన్ గిన్నె ఉంది, అంతే.

మూత తీసి బల్ల మీద పెట్టింది. లోపల ఎండిన మల్బరీ ఆకు మీద ఒక పురుగు ఉంది. ఒళ్ళు ముడతలు పడి, పొట్టిగా అయిపోయింది. ఇంకా కొంచెం కదులుతోంది.

"అన్నీ కట్టినాయి సారూ. ఇదొక్కటి కట్టలే. సందు మార్చినా, గాలి తగిలే కాడ పెట్టినా. పోగు తీయలే."

"ఒక్కొక్కటి అట్ల ఉంటాదమ్మా" అన్నాను.

"ఎందుకుంటాది?"

నేను జవాబు చెప్పేలోపే బీరువా వైపు చూపించింది. కత్తెరల పెట్టె అక్కడే ఉంది.

"కోయి సారూ" అంది.

"అప్పుడు వద్దంటివి గదా."

"అప్పుడు అది కట్టాల్సిన పురుగు. ఇది ఎట్లాగూ కట్టదు. లోపల పొయ్యిలు తవ్వుకోలేదా, తవ్వుకోని ఆర్పుకుందా, చూసి చెప్పు. వచ్చే పంటకు తెలవాల గదా."

అటెండరు టీ గ్లాసులు కడుగుతున్నవాడు నీళ్ళు ఆపేశాడు. నేను ఆమె వైపు చూడలేదు, ఆమె భర్త వైపు చూశాను. అతను మేస్త్రి మాట ఎత్తలేదు, హైదరాబాదు మాట ఎత్తలేదు. గోడ పక్కనున్న స్టూలు లాక్కుని బల్ల దగ్గరికి జరిగి కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని గిన్నెలోకి వంగాడు.

నేను ఉప్పునీళ్ళు పోసుకుని కత్తెర తీశాను. పురుగును నీళ్ళలో పెట్టాను.

"నిదానంగా కోయి సారూ" అంది ఆ అమ్మ. "ఈయన గూడా చూడాల."